మా ఐరోపాయాత్ర – దాని జమాఖర్చులు



2025 వ సంవత్సరపు దసరా సెలవులలో మేము కుటుంబసమేతముగా ఐరోపా ఖండమునకు పోయి పారిసు, వియన్నా, రోము నగరములను జూచి వచ్చితిమి. వచ్చినది మొదలు మా వీథిలోని యిల్లాండ్రును, బంధువులును మమ్మడుగు ప్రశ్న యొక్కటే: "ఎంత ఖర్చైనది? మీకెట్లు సాధ్యమైనది?" అని. ఐరోపాయన్నది ధనికులకే గాని, నెలజీతముపై సంసారము నడపుకొనువారికి కాదని మేమును చిరకాలము తలంచినవారమే. ఆ తలంపు ఎంతవఱకు నిజమో, ఎంతవఱకు మన జంకో ఇప్పుడు తెలిసినది. అందఱకును వేఱువేఱుగా చెప్పుటకంటె ఒకచోట వ్రాసియుంచుట మేలని యీ వ్యాసమునకు పూనుకొంటిమి. ఇందు మేము చేసిన తప్పులను సైతము దాచుకొనలేదు.

మాది రాజమహేంద్రవరము. మా మామగారు ఇక్కడి యొక ఉన్నత పాఠశాలలో ముప్పది రెండేండ్లు భూగోళశాస్త్రము బోధించిరి. మా ముందుగది గోడపై నేటికిని వారి ఐరోపా పటము వ్రేలాడుచున్నది. గుడ్డపై అంటించిన పాతపటమది. అంచులు చిరిగినచోట మా అత్తగారు దారముతో కుట్టియుంచిరి. సీను, డాన్యూబు, టైబరు మొదలగు నదులను వారు పటము చూడకయే సుద్దతో నల్లబల్లపై వంపులతో సహా గీయగలిగెడివారట. కాని ఆ నదులలో నొక్కదానినైనను వారు కన్నులార చూచి యెఱుగరు. 2022 లో వారు స్వర్గస్థులైరి.

ఒకనాటి రాత్రి పిల్లలు ఆ పటము క్రింద కూర్చుండి చదువుకొనుచుండగా మా అత్తగారు అమ్మాయినిజూచి, "ఈ సీను నది మన గోదావరియంత యుండునా?" అని యడిగిరి. అమ్మాయి వెదకి, గోదావరి 1,465 కిలోమీటర్లనియు, సీను సుమారు 777 కిలోమీటర్లనియు చెప్పెను. "పొడవు మీ తాతగారు ఏనాడో చెప్పిరి. నేనడిగినది వెడల్పు. ఆయన 'నేను పటమునే చూచితిని గాని నదిని చూడలేదు. చూచినవారిని అడుగవలెను' అనిరి" అని చెప్పి, పళ్లెములు తీసికొని లోనికి బోయిరి. ఆ మాట మా చెవిని బడినది. మావారి చెవినిగూడ బడినదని మఱునాడు తెలిసినది.

మొదట మేము విదేశయాత్రలు కుదుర్చు నొక సంస్థవారి యొద్దకు పోతిమి. ఏడు దేశములను పది దినములలో చూపుదురట. అందఱకును కలిపి 12 లక్షలపై చిలుకు చెప్పిరి. ప్రతిదినము తెల్లవాఱకమునుపే లేచి బస్సెక్కవలెను. ఒక్కొక నగరమునకు నొకపూట మాత్రమే. అచ్చటి గుమాస్తా మా అత్తగారి వయస్సు 71 అని విని, "పెద్దావిడను ఇంట నుంచుట మంచిది. మోకాళ్ల నొప్పులున్నచో తక్కినవారికి ఇబ్బంది" అని సలహా చెప్పెను.

ఇచ్చట మా తప్పు చెప్పుకొనవలసియున్నది. ఆ మాట మాకు అప్రియముగా దోచలేదు. ఇంటికి వచ్చి కాగితముపై నలుగురికే లెక్కవేసితిమి. అత్తగారిని ఆ రెండువారములు ఆడబిడ్డగారి యింట నుంచినచో లక్షన్నర మిగులునని వ్రాసికొంటిమి. మావారు ఆ కాగితమును చూచి ఏమియు ననలేదు. మడిచి బల్లపై పెట్టిరి. ఏ నది కొఱకు ఈ ఆలోచన పుట్టెనో, ఆ నదిని అడిగిన మనుష్యురాలినే మేము లెక్కలోనుండి కొట్టివేసితిమని మాకప్పటికి తట్టనే లేదు.

మూడవనాడు అత్తగారు మా చేతికి ఒక బ్యాంకి కాగితము నిచ్చిరి. ఆమెకు వచ్చు కుటుంబపు పింఛనులోనుండి కొంతకొంతగా కూడబెట్టి వేసిన 2 లక్షల డిపాజిట్టు అది. "అమ్మాయీ! పిల్లలకు ఆ దేశములు చూపవలెనని ఆయనకుండెను. దీనిని కలుపుకొని మీరు నలుగురును పోయి రండు. నేను ఇంట తులసికి నీరు పోసికొనుచు నుందును. సీను వెడల్పు మాత్రము చూచివచ్చి చెప్పుడు" అనిరి. మేము సిగ్గుచే తల యెత్తలేకపోతిమి. మా కాగితమును చింపివేసి, ఐదుగురి పేరులతో క్రొత్త నోటుపుస్తకము ప్రారంభించితిమి. అత్తగారు రాననుచు నెలదినములు మొండిపట్టు పట్టిరి. "మీరు రానిచో డిపాజిట్టు కాగితము తిరిగి తీసికొనుడు" అని మేమనగా తుదకు ఒప్పుకొనిరి.

మా సొంత సొమ్ము నెలకు 15 వేల చొప్పున మూడేండ్లలో కూడబెట్టినది, 5 లక్షల 40 వేలు. మావారు కళాశాలలో అధ్యాపకులు. మేము ఇంటియొద్ద రవికెలు కుట్టుదుము. కారు కొనవలెనను కోరికను ఆ మూడేండ్లు వెనుకకు నెట్టితిమి. అత్తగారిదానితో కలిపి 7 లక్షల 40 వేలు. దీనిలోనే సర్వమును జరుగవలెనని నోటుపుస్తకపు మొదటి పుటలో వ్రాసికొంటిమి.

మొదటి నియమము: తక్కువ నగరములు, ఎక్కువ దినములు. ఊరు మాఱినప్పుడెల్ల రైలుఖర్చు, క్రొత్తబసఖర్చు, ఒకపూట కాలము పోవును. పిల్లలు పారిసులోని ఈఫిల్ గోపురము కోరిరి. మావారు రోము కోరిరి. మమ్మడుగగా, వివాహమునకు పూర్వము తొమ్మిదేండ్లు వీణ నేర్చినదాని జ్ఞాపకముగా, సంగీతమునకు పేరొందిన వియన్నా నగరమనుకొంటిమి. అత్తగారు పటము నొద్దకు పోయి, "సీను, డాన్యూబు, టైబరు, మూడును కుదిరినవి" అనిరి. లండను నగరమును విడిచిపెట్టితిమి. ఐరోపాలో 29 దేశములు షెంగెన్ ఒడంబడికలో చేరియున్నవి. వాని కన్నింటికిని ఒక్క వీసా చాలును. బ్రిటను అందులో లేదు. దానికి వేఱు వీసా, వేఱు రుసుము, వేఱు నాణెము. మొదటిసారి పోవువారు ఈ భేదమును గమనించినచో గొప్ప ఆదా యగును.

రెండవ నియమము: కాలము నెన్నుకొనుట. మన వేసవి సెలవుల చివరనుండి ఆగష్టువఱకు అచ్చట రద్దీకాలము. విమానములకును, బసలకును ధర హెచ్చు. సెప్టెంబరు తుదినుండి కొంత తగ్గును. చలి యింకను తీవ్రము కాదు. మన దసరా సెలవులు సరిగా అప్పుడే వచ్చుచున్నవి. పిల్లలకు పాఠశాల రెండుమూడు దినములు మాత్రమే తప్పినది.

మూడవది విమానపు టిక్కెట్టు. పారిసునకు పోయి, మరల పారిసునుండియే రావలయునన్న నిర్బంధము లేదు. పోవునది హైదరాబాదునుండి పారిసునకును, వచ్చునది రోమునుండి హైదరాబాదునకును ఒకే టిక్కెట్టుగా కొనవచ్చును. దీనివలన పారిసునకు తిరిగిపోవు ఖర్చును, ఒక దినమును మిగిలినవి.

ఇక వీసా. దీనిని గూర్చి భయపడువారు పెక్కుమంది గలరు. పద్ధతి తెలిసినచో భయము లేదు. ఏ దేశమున ఎక్కువ దినములుందుమో ఆ దేశమునకే దరఖాస్తు చేయవలెను. రెండింట సమానముగా నున్నచో మొదట అడుగుపెట్టు దేశమునకు. మేము పారిసులో 5 రాత్రులు, సాల్జ్‌బర్గునందు 1, వియన్నాలో 3, రైలులో 1, రోములో 4 రాత్రులు నిర్ణయించుకొంటిమి. ఆస్ట్రియాకు నాలుగు, ఇటలీకి నాలుగు, ఫ్రాన్సునకు ఐదు. కావున ఫ్రాన్సునకు దరఖాస్తు చేసితిమి. ప్రయాణమునకు ఆరు నెలలకంటె ముందు గాని, 15 దినములకంటె ఆలస్యముగా గాని దరఖాస్తు పెట్టరాదు. పెద్దలకు రుసుము 90 యూరోలు. ఆఱు నిండి పండ్రెండు నిండని పిల్లలకు 45. ఆఱేండ్ల లోపువారికి లేదు. యూరో మాకు కొంచెమెచ్చుతగ్గుగా నూఱు రూపాయలు పడినది. వీసా రాకున్నను ఆ రుసుము తిరిగి రాదు. 30 వేల యూరోలకు తక్కువకాని వైద్యభీమా తప్పనిసరి. వృద్ధులకు దాని వెల హెచ్చు. అయినను ఇందు పొదుపు చూడరాదు.

ఇందు మాకు మూడు చిక్కులు కలిగినవి. మొదటిది, అత్తగారికి పాస్‌పోర్టే లేదు. తీసికొనబోగా ఒక కాగితమున పుట్టింటి పేరును, మఱియొకదానియందు అత్తింటి పేరును ఉండెను. అన్నిటియందును ఒకే పేరు చేయించుటకు రెండు నెలలు పట్టినది. చదువరులు ప్రయాణము తలపెట్టిన దినముననే ఇంటిలోని వారందఱి కాగితములలో పేరులును, పుట్టిన తేదీలును సరిపోవుచున్నవేమో చూచుకొనవలెను. రెండవది, అత్తగారి డిపాజిట్టు సొమ్ము మా ఖాతాలో ఒక్కమాఱుగా వచ్చి పడినది. దరఖాస్తుకు ముందు హఠాత్తుగా పెద్దమొత్తము చేరినచో, అది అప్పు తెచ్చి చూపినదేమో యని సందేహము కలుగుటకు అవకాశమున్నది. కావున డిపాజిట్టు కాగితము నకలును, వివరించు నొక లేఖయు జతపఱచితిమి.

మూడవ చిక్కు మేమెన్నడును ఊహింపనిది. పండ్రెండేండ్లు నిండినవారందఱును వ్రేలిముద్రలు ఇయ్యవలెను. హైదరాబాదులోని దరఖాస్తు కేంద్రమున అత్తగారి వ్రేళ్లను యంత్రము గుర్తింపలేదు. ఒకమాఱు, రెండుమాఱులు, ఐదుమాఱులు పెట్టించిరి. ఏబదియేండ్లు రోటిలో పచ్చళ్లు నూఱి, అంట్లు తోమి, ఆ వ్రేళ్లపై గీతలన్నియు అరిగిపోయినవి. ఆమె చేతిని చూచుకొనుచు, "నా కొఱకై మీ పని చెడునేమో" అనిరి. మాకు కన్నులు చెమర్చినవి. అక్కడి అమ్మాయి మంచిది. తడిగుడ్డతో చేతులు తుడిపించి, కొంతసేపు విశ్రమింపజేసి, ఒక్కొక్క వ్రేలిని నొక్కిపట్టి తుదకు ముద్రలు తీసినది. మూడువారములలో ఐదుగురికిని వీసాలు వచ్చినవి.

బసను గూర్చి కొంత చెప్పవలెను. ఐదుగురకు హోటలులో రెండు గదులు కావలెను, మూడుపూటలు బయట భోజనము కావలెను. అట్లుగాక వంటగదియున్న చిన్నయిల్లు అద్దెకు తీసికొన్నచో ఖర్చు సగమునకు దిగును. నగరము నడిబొడ్డున గాక, రైలు నిలయమునకో, ట్రామునకో దగ్గఱగా కొంచెము వెలుపల నుండుట మేలు. పారిసులో మేము మొదట కుదుర్చుకొన్న యింటిని చూపగానే అత్తగారు, "మెట్లెన్ని?" అని యడిగిరి. వెదకి చూడగా అది ఐదవ అంతస్తు, లిఫ్టు లేదు! పారిసులోని పాతభవనములు పెక్కింటికి లిఫ్టు లేదట. రుసుములేకుండ రద్దు చేసికొను వీలున్న బసనే తీసికొంటిమి గనుక నష్టము రాలేదు. పెట్టెలు మోయవలసిన మావారు ఆ ప్రశ్నకు ఎంతయో సంతసించిరి. ఇదిగాక, అనేక నగరములందు తలకింత రాత్రికింత యని నగరపు పన్ను వేఱుగా చెల్లింపవలెను. దానిని ముందే లెక్కలో వ్రాసికొనుడు.

పారిసునుండి వియన్నాకు పగటిరైలులో ఒక్క దినమున పోవుట పెద్దలకు శ్రమయని నడుమ మ్యూనికులో నొకరాత్రి దిగదలచితిమి. బస వెదకబోగా ధర మూడురెట్లున్నది. కారణమేమనగా, పేరు అక్టోబరు ఉత్సవమైనను అది సెప్టెంబరులోనే మొదలగును. లక్షలకొలది జనము ఆ నగరమునకు చేరుదురు. కావున మ్యూనికులో బండి మాత్రము మాఱి, మఱి రెండుగంటలు ముందునకు బోయి, 1756 లో మొజార్టు జన్మించిన సాల్జ్‌బర్గునందు నిదురించితిమి. ఏ యూరికి పోవనున్నను ఆ దినములలో అచ్చట ఏ తిరునాళ్లున్నవో ముందు విచారింపవలెను. మన పుష్కరముల దినములలో రాజమహేంద్రవరమున గది దొరకునా?

రైలు టిక్కెట్లు రెండుమూడు నెలలముందు కొన్నచో చవుక. ప్రయాణపు దినమున కొన్నచో రెండుమూడురెట్లు. ఐరోపా వెలుపలివారికి యూరెయిల్ అను పాసు కలదు. దానితో పండ్రెండేండ్లు నిండని పిల్లలిద్దఱు ఒక పెద్దతో ఉచితముగా పోవచ్చును. ఎక్కువ ఊళ్లు తిరుగువారికి అది లాభము. మా ప్రయాణములు కొన్నియే గనుక విడిటిక్కెట్లే చవుకగా దేలినవి. వియన్నానుండి రోమునకు రాత్రిబండిలో పడకలు తీసికొంటిమి. ఒక రాత్రి బసఖర్చు మిగిలినది. క్రిందిపడక అత్తగారికిచ్చితిమి. మనదేశపు రైలువలెనే యున్నదని ఆమె హాయిగా నిదురించిరి.

ఆహారము మాట. బియ్యము, కందిపొడి, కారప్పొడి, చింతపండు, ఊరగాయ, ఒక చిన్న విద్యుత్ కుక్కరు తీసికొనిపోతిమి. పాలు, నెయ్యి, మాంసము, వీనితో చేసిన పదార్థములను బయటిదేశములనుండి ఐరోపాలోనికి కొనిపోరాదు. అత్తగారు కట్టిన నేతిసీసాను, పాలకోవాను తీసివేసితిమి. నెయ్యిలేని ముద్ద యెట్లని ఆమె బెంగగొనిరి. అచ్చటి అంగళ్లలో మంచి వెన్న చవుకగా దొరికినది, కాచి నెయ్యి చేసితిమి. ఉదయము పులిహోరయో, పెరుగన్నమో డబ్బాలలో కట్టుకొని, మధ్యాహ్నము ఏ తోటలోనో కూర్చుండి తినెడివారము. రాత్రి యింట వంట. దినమునకొక్కసారి మాత్రము ఆ యూరి రొట్టెయో, పిండివంటయో కొని అందఱము పంచుకొంటిమి. నీళ్లసీసాలు కొనుట వ్యర్థము. వియన్నాకు 1873 నుండి ఆల్ప్సు పర్వతముల ఊటనీరు గొట్టములలో వచ్చుచున్నది. రోము వీథులలో రెండువేలకు పైగా చిన్న ఇనుప నీటిస్తంభములనుండి చల్లని మంచినీరు రాత్రింబవళ్లు ప్రవహించుచునే యుండును. సీసా పట్టి నింపుకొనుటయే.

చూడదగినవానిలో పెక్కింటికి రుసుము లేదు. పారిసులోని నోత్రదాము దేవాలయము 2019 ఏప్రిలులో కాలి, 2024 డిసెంబరులో మరల తెఱువబడినది. దానికి ప్రవేశము ఉచితము. లూవ్రు ప్రదర్శనశాలలో 18 ఏండ్ల లోపువారికి రుసుము లేదు. మేము పోయినప్పుడు పెద్దలకు 22 యూరోలు. 2026 జనవరి నుండి మనవంటి వెలుపలి దేశములవారికి 32 చేసిరి. మంగళవారము దానికి సెలవు. వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనపు తోటలు ఉచితము. రోములోని సెయింటు పీటరు దేవాలయమునకును రుసుము లేదు. భుజములు, మోకాళ్లు కప్పుకొని యుండవలెను గనుక మన చీరకు అక్కడ గౌరవమే. క్రీస్తుశకము 80 లో ప్రారంభమైన కొలోసియమునందు పిల్లలకు ఉచితమే గాని, ముందుగా వేళ నిర్ణయించుకొని టిక్కెట్టు తీసికొనవలెను. మొదటి ఆదివారము అందఱకును ఉచితమందురు, కాని ఆనాటి వరుస చాల పొడవు.

వియన్నాలో 1869 నుండి నడచుచున్న గొప్ప సంగీతనాటకశాల యున్నది. కూర్చుండుటకు టిక్కెట్టు మన శక్తికి మించినది. వెనుక నిలుచుండి చూచువారికి కొలది యూరోలకే ఇత్తురు. అత్తగారును మావారును పిల్లలను బసలో నుంచుకొని మమ్ము బలవంతముగా పంపిరి. మూడుగంటలు నిలుచుంటిమి. భాష తెలియలేదు. పదునాఱేండ్ల క్రిందట గుడ్డకప్పి అటకపై పెట్టిన వీణ గుర్తునకు వచ్చినది.

ఒక నష్టమును చెప్పవలెను. పారిసు భూగర్భరైలులో మావారి వెనుకజేబునుండి 60 యూరోలున్న సంచి పోయినది. అదే బండిలో, అదే రద్దీలో, అత్తగారు రొంటిని దోపుకొనిన చిన్నసంచిలోని 300 యూరోలు భద్రముగా నుండెను. ఆనాటినుండి ఇంటి ఖజానా ఆమెయే. ఆ భూగర్భరైలులో మెట్లెక్కువ గనుక తరువాత బస్సులలోనే తిరిగితిమి. వీథులన్నియు చూచుచు పోవుటకు అదియే మేలైనది.

ఇక సీను నది. మూడవదినమున ఈఫిల్ గోపురమునకు పోతిమి. 1889 లో కట్టిన ఆ గోపురము ఎత్తు 330 మీటర్లు. మెట్లెక్కి పోయినచో లిఫ్టుకంటె రుసుము తక్కువ. రెండవ అంతస్తు వఱకు 674 మెట్లు. మావారును పిల్లలును ఎక్కిరి. మేమును అత్తగారును నదియొడ్డున నొక రాతిబల్లపై కూర్చుంటిమి. ఆమె చెప్పులు విడిచి, చాలసేపు ఆవలియొడ్డువైపు చూచిరి. పడవలు పోవుచుండెను. తుదకు, "ధవళేశ్వరమునుండి వచ్చు మన కాలువకంటె కొంచెము పెద్దది. గోదావరి యెదుట నిది పసిపిల్ల. ఆయనకు చెప్పవలసినది" అని ఊరకుండిరి. మేము ఏమియు మాటాడలేదు. లక్షన్నర మిగుల్చుకొందమని వ్రాసిన కాగితము మాత్రము మా కన్నులయెదుట కదలాడినది. ఆ కాగితము సంగతి ఆమెకు నేటికిని తెలియదు. ఈ పత్రిక ఆమె చదువును గనుక ఇకమీదట తెలియును.

మా ఖర్చుల పట్టిక ఇది. విమానములు 3,05,000, వీసా, భీమా 62,000, బస 1,72,000, ఊరినుండి ఊరికి రైళ్లు 64,000, నగరములలో బస్సులు, ట్రాములు 31,000, ఆహారము 58,000, ప్రవేశరుసుములు 27,000, పోయిన సొమ్ముతో సహా ఇతరములు 21,000. వెరసి 7,40,000 రూపాయలు. అప్పు ఒక్క రూపాయియు లేదు. చిన్నమొత్తమని మేమనము. ఈ సొమ్ముతో నగలు చేయించుకొనవచ్చును గదా యని యడిగినవారును గలరు. వారి మాటలోను తప్పు లేదు. ఎవరి కోరిక వారిది. కాని పోవలెనని కోరికయుండి, ధర విని వెనుదీయువారితో మేము చెప్పునదేమనగా, నోటుపుస్తకమును, ఏడాది ముందుచూపును, ఇంటిలో అందఱి మాటయు ఉన్నచో ధర చాలవఱకు తగ్గును. అందును ముసలివారి మాట ముఖ్యము. మెట్ల లెక్కయు, విశ్రాంతి వేళయు, సొమ్ము దాచుచోటును ఆమెయే మాకు నేర్పినది. ఆమె మోకాళ్లకు తగినట్లు మెల్లగా నడచుటవలననే మేము మూడు నగరములను నిజముగా చూడగలిగితిమి.

పటము ఇప్పటికిని గోడమీదనే యున్నది. మొన్న మా అబ్బాయి పాఠశాల పనికై కాగితముపై ఐరోపా పటము గీయుచు, సీను నదిని నీలిరంగుతో వెడల్పుగా దిద్దుచుండెను. వత్తులు చేసికొనుచున్న అత్తగారు కన్నెత్తి చూచి, "అంత లావుగా గీయకురా, అది గోదావరి కాదు" అనిరి.